పగలు చూసి చేర్చొద్దు, పొద్దుగూకాక పోయి చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు వైపు నుంచే. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, మతిమరుపు జబ్బుతో పెద్దవాళ్లు ఇక్కడ. వాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్చాలంటే ఏది మంచిదో కనుక్కునేదెట్లా అని అందరూ అడిగారు. వృద్ధుల వైద్యం, నర్సింగ్ పని తెలిసిన మా శీర్షిక బృందం ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. ఏడాదిగా మరపు. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతుంది, అడిగిందే అడుగుతుంది. నేను బెంగళూరులో ఉంటాను. తిరుపతిలో రెండు హోమ్‌లు చూశాను. ఒకరు అసిస్టెడ్ లివింగ్ అన్నారు, ఇంకొకరు మెమరీ కేర్ అని చెప్పి ఎక్కువ అడిగారు. రెంటికీ తేడా ఏమి? – పాఠకురాలు, పలమనేరు

జవాబు: హోమ్ సంగతి తర్వాత. ముందు జబ్బేమిటో తేలిందా? మీ ఉత్తరంలో డాక్టరుకు చూపించిన మాట ఎక్కడా లేదు. మతిమరుపుగా కనిపించేవాటిలో కొన్ని నయమయ్యేవి. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, రక్తంలో సోడియం పడిపోయినా పెద్దవాళ్లు అచ్చం ఇట్లాగే తయారవుతారు. ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు బి12 తగ్గడం మామూలే. నెలా రెండు నెలల కిందట జారిపడి తల తగిలించుకుని ఉంటే లోపల మెల్లగా రక్తం చేరి ఉండొచ్చు, అది స్కాన్‌లోనే తెలుస్తుంది. నిద్రమాత్రలు, జలుబుకూ దురదకూ వేసుకునే కొన్ని మాత్రలు కూడా బుర్రను మొద్దుబారుస్తాయి. మనసులో దిగులు పట్టుకున్నా అంతే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల) విభాగం ఉంది. మీకు వేలూరు సీఎంసీ కూడా మరీ దూరం కాదు. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, షుగర్, తల స్కాన్ అయ్యాకే హోమ్ మాట ఎత్తండి. పోయేటప్పుడు ఆమె వాడే మాత్రలన్నీ, చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకుని పోండి.

ఇక తేడా. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానానికి, బట్టలకు, మాత్రలకు, భోజనానికి చేయి సాయం ఉంటుంది. మనిషికి తానెక్కడున్నదీ తెలుసు, ఆకలైతే అడుగుతుంది, కావాలంటే గంట నొక్కి పిలుస్తుంది అన్న నమ్మకం మీద ఆ ఏర్పాటు నడుస్తుంది. మెమరీ కేర్‌లో ఆ నమ్మకం పెట్టుకోకూడదు. గంట నొక్కాలనే గుర్తుండనివాళ్ల కోసం మనిషే గది గదికీ తిరగాలి. ఎక్కువ డబ్బు అడగాల్సింది దానికే, గోడల రంగులకు కాదు.

మన చట్టాల్లో మెమరీ కేర్ అనే పేరుతో విడిగా లైసెన్సు లేదు. ఎవరైనా బోర్డు రాయించుకోవచ్చు. అందుకని మూడు అడగండి. మామూలు హోమ్ కంటే సిబ్బంది ఎంతమంది ఎక్కువ? వాళ్లకు ఈ జబ్బు గురించి ఎవరు, ఎన్ని రోజులు నేర్పారు? వైద్యం కూడా చేస్తామంటే ఏ రిజిస్ట్రేషన్ ఉంది? ప్రైవేటు ఆసుపత్రులకు, నర్సింగ్ హోమ్‌లకు ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్రమైన లోపాలూ ఉన్నాయి. మనుషులను తాళం వేసిన వార్డులో పెట్టి మందులు ఇచ్చే చోట ఆ చట్టం కింద రిజిస్టరయ్యారా అని అడగడం మీ హక్కు.

పాలు పొంగించడం, అడిగిందే అడగడం వరకే అయితే అసిస్టెడ్ లివింగ్ చాలు. ఇల్లు దాటి దారి తప్పినా, రాత్రి పగలు తెలియకపోయినా, బాత్రూమ్ ఎక్కడో మరచిపోతున్నా రెండోదే చూడండి.

ప్రశ్న: మా అత్తను చేర్చాలని ఒక హోమ్‌కు పోయినాము. మేనేజరు బాగా మాట్లాడినాడు. గదులు, గుడి, తులసికోట, పెద్ద టీవీ అన్నీ చూపించినాడు. అంతా బాగానే ఉంది గానీ ఏం చూడాల్నో తెలీకుండానే వచ్చేసినామని అనిపిస్తోంది. రెండోసారి పోతే ఏం చూడాల? – పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మొదటిసారి పదకొండు గంటలకు పోయి ఉంటారు. ఆ వేళకు స్నానాలు అయిపోయి, తల దువ్వి, అందరూ వరండాలో కూర్చుని ఉంటారు. ఏ హోమైనా అప్పుడు బాగానే కనిపిస్తుంది. ఈసారి సాయంత్రం ఐదున్నరకు పోయి ఏడున్నర దాకా ఉండండి. పొద్దుగూకే వేళకు ఈ జబ్బున్నవాళ్లకు గాబరా ఎక్కువవుతుంది. ఇంటికి పోవాలంటారు, గేటు దగ్గరకు పోతారు, కొందరు ఏడుస్తారు. పగటి సిబ్బంది వెళ్లి రాత్రివాళ్లు వచ్చేదీ, భోజనం పెట్టేదీ అదే వేళ. ఆ రెండు గంటలు ఎట్లా గడుస్తున్నాయో కళ్లారా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. సాయంత్రం రానివ్వం అని చెబితే ఆ హోమ్‌ను పక్కన పెట్టేయండి.

రాత్రి ఎంతమంది ఉంటారో అడగండి. 20 మంది ఉన్నచోట ఆరుగురు మంచం పట్టినవాళ్లు అనుకుందాం. పడకపుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. 10, 12, 2, 4 గంటలకు నాలుగు విడతలు, మొత్తం 24 సార్లు. తిప్పి, డైపరు మార్చి, దుప్పటి సర్దడానికి పది నిమిషాలు వేసుకున్నా నాలుగు గంటల పని. అది కూడా ఇద్దరు పట్టాలి, ఒక్కరే లాగితే ముసలి చర్మం పక్కబట్టకు రాసుకుని ఊడుతుంది. ఆ సేపంతా మిగతా 14 మందిలో లేచి తిరిగేవాళ్లను చూసేదెవరు? మా లెక్కకు 20 మందికి రాత్రి ముగ్గురు మెలకువగా ఉండాలి. “ఒకామె ఇక్కడే పడుకుంటుంది” అంటే రాత్రి డ్యూటీలో ఎవరూ లేరని అర్థం.

మాత్రల చార్టు చూపించమనండి. పేర్లు మూసిపెట్టి చూపించినా ఫర్వాలేదు. ప్రతి పూటకూ ఒక గడి, ఇచ్చినవాళ్ల సంతకం, వేళ ఉండాలి. సాయంత్రం ఆరింటికే రాత్రి తొమ్మిది గంటల గడిలో టిక్కు పడి ఉంటే అది చార్టు కాదు, ముగ్గు. వారం మొత్తం ఒకే పెన్ను, ఒకే రాత, ఒక్క ఖాళీ కూడా లేదంటే ఒక్కసారే కూర్చుని నింపారు. నిజంగా నడిచే చార్టులో “ఉమ్మేసింది”, “నిద్రలో ఉంది, తర్వాత ఇచ్చాం” అన్న రాతలు కనిపిస్తాయి.

భోజనం పెట్టేటప్పుడు, తినిపించాల్సిన ఒకరిని ఎంచుకుని కాస్త దూరంలో నిలబడి గమనించండి. తినిపించే ఆమె ఎదురుగా, అదే ఎత్తులో కూర్చుందా, నిలబడి పైనుంచి పెడుతోందా? పైనుంచి పెడితే మెడ వెనక్కు వాలి తిండి ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం ఎక్కువ. చెంచాకు సగమే తీసుకోవాలి. గొంతుముడి పైకి లేచి దిగిందాకా రెండో చెంచా పెట్టకూడదు. చివర నోరు తెరిపించి బుగ్గల్లో ఏమన్నా దాచుకున్నారేమో చూడాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి, వెంటనే పడుకోబెట్టకూడదు. సంగటి మన వైపు నమలకుండా మింగే తిండి. మింగుడు తగ్గినవాళ్లకు ఆ ముద్దే గొంతుకు అడ్డం పడుతుంది, జావగా చేసి ఇస్తున్నారా? నీళ్లు తాగితే దగ్గు వచ్చేవాళ్లను ఏం చేస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలకు వంటమనిషి జవాబు చెప్పగలిగితే ఆ హోమ్‌లో పని నేర్పినవాళ్లు ఉన్నట్టే.

రాత్రి భోజనానికీ పొద్దున టిఫిన్‌కూ మధ్య ఎన్ని గంటలో లెక్కేసుకోండి. సిబ్బంది వీలు కోసం చాలాచోట్ల ఆరూ ముప్పావుకే పెట్టేస్తారు, టిఫిన్ ఎనిమిదిన్నరకు. దాదాపు 14 గంటలు. మీ అత్తగారికి షుగర్ ఉండి గ్లిమెపిరైడ్‌గానీ ఇన్సులిన్‌గానీ వాడుతుంటే తెల్లవారుజామున షుగర్ 70 కంటే కిందికి పడిపోయే వీలుంది. చెమటలు పట్టి పిచ్చిపిచ్చిగా మాట్లాడితే అది మతిమరుపేలే అనుకుంటారు. పడుకునే ముందు పాలో బిస్కెట్లో ఇస్తారా, గ్లూకోమీటరు రాత్రివాళ్ల చేతికి అందే చోట ఉందా అడగండి.

బాత్రూమ్‌లోకి మీరే పోండి. తలుపు బయటకు తెరుచుకోవాలి, లోపలికి తెరుచుకునేదైతే మనిషి అడ్డం పడ్డప్పుడు తెరవలేరు. గడియ బయటనుంచి కూడా తీసేట్టుండాలి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉంటే గట్టిగా లాగి చూడండి, ఊగుతుంటే అలంకారానికి పెట్టినట్టు. జీవితమంతా బకెట్టూ చెంబుతో పోసుకున్న మనిషిని షవరు కింద నిలబెడితే భయపడి అరుస్తుంది, అదే “స్నానానికి సహకరించదు” అని రిజిస్టరులోకి ఎక్కుతుంది. కూర్చునేందుకు స్టూలు, చెంబు ఉన్నాయా చూడండి. గుమ్మం ముందు నల్ల పట్ట వేసి ఉంటే తీసేయమనండి. వీళ్ల కళ్లకు అది గొయ్యిలా కనిపించి దాటరు, లేదంటే ఎగిరి దాటబోయి పడతారు.

ఎండాకాలం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మన వైపు 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఈ జబ్బున్నవాళ్లు దాహమని అడగరు. కరెంటు పోతే ఫ్యాన్లు ఎన్ని గంటలు ఆడతాయి, నీళ్లు ఎవరు ఎన్నిసార్లు తాగిస్తున్నారో ఎక్కడ రాస్తున్నారు? గ్లాసులు చేతికందే చోట ఉన్నాయా, మంచినీళ్ల డబ్బా హాలు చివర ఉందా? ఆ దూరమే చాలా చెబుతుంది.

భాష. చిత్తూరులో చాలా ఇళ్లలో తెలుగూ అరవమూ రెండూ నడుస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు పోతుంది, చిన్ననాటి భాష మిగులుతుంది. మీ అత్తగారి పుట్టిల్లు అరవ ఇల్లైతే, అరవం వచ్చిన ఒక్క ఆయా అయినా ప్రతి షిఫ్టులో ఉండాలి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు మంచివాళ్లే, పని బాగా చేస్తారు, కానీ “కడుపులో నొప్పి” అన్న మాట అర్థం కాకపోతే ఏం ప్రయోజనం?

ముక్కు కూడా వాడండి. ఒక మూల మూత్రం వాసన వస్తే అది ఇప్పుడే అయిన పని. ఇల్లంతా వస్తే అలవాటు. ఫినాయిల్ కళ్లు మండేంత ఘాటుగా ఉన్నా అనుమానించాల్సిందే. అక్కడున్నవాళ్ల గోళ్లు, కళ్లద్దాలు చూడండి. అద్దాలు జిడ్డుగా ఉన్నాయంటే పొద్దున్నుంచి ఎవరూ ఆ ముఖంలోకి సరిగా చూడలేదు.

ప్రశ్న: మా మామగారు రిటైర్డ్ టీచరు, 79 ఏళ్లు. సాయంత్రమైతే కండువా వేసుకుని “కొండకు పోవాల, దర్శనం టైమయింది” అని గేటు దగ్గర నిలబడేవారు. మూడు వారాల కిందట ఒక హోమ్‌లో చేర్చినాము. ఇప్పుడు పోయి చూస్తే పగలంతా నిద్ర, నోట్లో చొంగ, చేతులు వణుకు, నడక బిగుసుకుపోయింది. “మాత్ర ఇస్తున్నాం, గొడవ చేయకుండా ఉంటాడు” అంటున్నారు. ఇది సరేనా? – పాఠకుడు, తిరుపతి

జవాబు: సరి కాదు. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ డాక్టరు, ఏ తేదీన రాశారు అన్నది కాగితం మీద ఈరోజే తీసుకోండి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు ఇస్తుండొచ్చు. మతిమరుపు జబ్బున్న ముసలివాళ్లలో ఈ జాతి మందులు పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. మరణం ముప్పు గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వీటిలో కొత్త రకాల మీద 2005లోనే, హాలోపెరిడాల్ లాంటి పాతవాటి మీద 2008లో గట్టి హెచ్చరిక పెట్టింది. లేనివి కనిపించడం, నడక బిగుసుకోవడం ముందునుంచే ఉంటే అది లూయీ బాడీ అనే రకం మతిమరుపు జబ్బు కావచ్చు, వాళ్లకు హాలోపెరిడాల్ మరీ ప్రమాదం. రెండు రోజుల్లోగా న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు, తగ్గించే పద్ధతి వాళ్లు చెబుతారు. బిగుసుకుపోవడంతోపాటు జ్వరం వచ్చినా, మింగలేకపోయినా, లేపితే లేవకపోయినా మాత్రం అపాయింట్‌మెంటు చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకుపోండి.

ఈ మందులు ఎప్పుడూ ఇవ్వకూడదని కాదు. తనకో ఎదుటివాళ్లకో దెబ్బ తగిలే స్థితి ఉంటే, మిగతా ఉపాయాలన్నీ అయ్యాక, తక్కువ మోతాదులో, కొన్ని వారాలకు, ఇంటివాళ్లకు చెప్పి ఇస్తారు. కాగితంలో “మళ్లీ చూసే తేదీ” ఉండాలి. సిబ్బంది చాలక ఇచ్చే మాత్ర వేరు.

హోమ్‌వాళ్లు ముందు వెతకాల్సింది వేరే. ఎన్ని రోజులుగా విరేచనం కాలేదు? మూత్రంలో మంటా? మోకాళ్ల నొప్పా? నాలుగింటికి ఏమన్నా తిన్నారా? ఇవన్నీ నోటితో చెప్పలేనివాళ్లు కాళ్లతో చెబుతారు, గేటు వైపు నడుస్తారు.

కొండకు పోవాలన్న మనిషికి అడ్డం నిలబడి “ఇప్పుడు కాదు, కూర్చో” అంటే గొడవే. గాబరా మొదలయ్యేది ఐదింటికైతే నాలుగున్నరకే ఎవరో ఒకరు పోయి “సార్, చెప్పులేసుకోండి, పోదాం” అనాలి. నామం పెట్టి, చెయ్యి పట్టుకుని ఆవరణలో నాలుగైదు చుట్లు తిప్పి, దేవుడి పటం ముందు దండం పెట్టించి, చేతిలో ఇంత ప్రసాదం పెడితే చాలాసార్లు దర్శనం అయిపోయినట్టే. ఇరవై నిమిషాల పని. దానికి మనిషి ఉన్నాడా అన్నదే హోమ్‌ను అడగాల్సిన ప్రశ్న. ఇంకొకటి, 79 ఏళ్ల మాస్టారును “ఉంటాడు” అనే చోట మిగతా మర్యాద ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గేటుకు తాళం ఉంటే రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడగండి. మంటలు లేస్తే వెతుక్కునే తాళం కంటే కోడ్ నొక్కే తలుపు నయం. మామగారి జేబులోనే కాదు, బనియను లోపల కూడా ఫోన్ నంబరు కుట్టించండి. మనిషి కనబడకపోతే ముందు పది నిమిషాలు లోపలే వెతకాలి, బాత్రూములు, మంచాల కింద, మిద్దెమీద, నీళ్ల తొట్టి దగ్గర. లేకపోతే వెంటనే 112. తిరుపతిలో అయితే అలిపిరి, బస్టాండు, రైల్వేస్టేషను మూడు చోట్లకూ ఒకేసారి తాజా ఫోటో పోవాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ జనంలో ముసలాయన ఒంటరిగా నడుస్తుంటే ఎవరికీ అనుమానం రాదు, భక్తుడే అనుకుంటారు.

ప్రశ్న: అగ్రిమెంటులో ఏం చూసుకోవాలి? – పాఠకుడు, పుత్తూరు

జవాబు: నెల ఫీజు కంటే దానిలో లేనివాటి జాబితా ముఖ్యం. డైపర్లు, మందులు, డాక్టరు ఫీజు, ఫిజియో, అంబులెన్సు, ఆసుపత్రిలో పక్కన ఉండే మనిషి, ఇవన్నీ బయటే ఉంటాయి. డైపర్లు రోజుకు నాలుగు అనుకుంటే నెలకు 120, మీ వీధి మందులషాపు రేటుతో గుణించుకోండి. “అవసరం పెరిగితే ఫీజు పెరుగుతుంది” అని ఉంటే, పెరిగిందని ఎవరు, దేన్ని బట్టి తేలుస్తారో రాయించండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, మొదటి నెలలోనే తీసుకుపోతే ఎంత కోస్తారు, ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఫీజు ఉందా, ఎలాంటి స్థితి వస్తే “మీరే తీసుకుపోండి” అంటారు? ఈ చివరిది చాలామంది అడగరు. మంచం పట్టగానే పంపించేసే హోమ్‌లు ఉన్నాయి.

పడిపోతే, ఒంట్లో బాగాలేకపోతే ఎంతసేపట్లో మీకు ఫోను చేస్తారో, ఏ ఆసుపత్రికి తీసుకుపోతారో కూడా అందులోనే ఉండాలి. మాటవరసకు చెప్పింది లెక్కలోకి రాదు.

ప్రశ్న: మా నాయన దగ్గర జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారపత్రం) రాయించుకుంటే ఆయన ఖాతాలో డబ్బుతో హోమ్ ఫీజు కట్టొచ్చా? – పాఠకురాలు, మదనపల్లె

జవాబు: ఆయనకు తెలివి ఉన్నంతవరకే. రాసిచ్చినవారి మతి చెడితే ఆ అధికారం పోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇప్పుడే బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేట్టు జాయింటు చేయించండి, నామినీ సరిచూడండి, వీలునామా రాస్తే ఆరోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. జబ్బు ముదిరాక అయితే కోర్టు ద్వారా సంరక్షకుణ్ని నియమించుకోవాలి, వకీలును కలవండి. కేంద్ర పెన్షనరైతే లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే తీసుకుంటారు. ముఖం చూపించి ఫోనులోనే చేయొచ్చు గనుక హోమ్‌లో కూర్చునే పని అయిపోతుంది. ఏటీఎం కార్డు మాత్రం హోమ్‌వాళ్ల చేతికివ్వొద్దు. పెద్దవాళ్ల ఆస్తి, వేధింపుల గొడవలుంటే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మను చేర్చి పది రోజులైంది. పోయినప్పుడల్లా “ఇంటికి పోదాం పా” అని కొంగు పట్టుకుంటుంది. పోకుండా ఉండాలా? – పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: పోండి. కొద్ది రోజులు రావద్దని కొన్ని హోమ్‌లు చెబుతాయి, మేము ఒప్పుకోం. ఆ రోజుల్లోనే ఒంటి మీద గుర్తులు, బరువు తగ్గడం లాంటివి మీ కంట పడాలి. కాకపోతే సాయంత్రం వద్దు, పొద్దున పదింటికి పోండి. “ఇదే నీ ఇల్లు” అని వాదించొద్దు. ఇల్లంటే ఆమెకు ఏ ఇల్లో కూడా తెలియకపోవచ్చు, పుట్టిల్లు కావచ్చు. “ఇంట్లో ఏముంది, జామచెట్టుందా?” అని మాటల్లో పెట్టండి. వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పి నిలబడకుండా, భోజనానికి కూర్చోబెట్టి ఆయాకు అప్పగించి రండి. ఆమె పాత దుప్పటి, దిండు, రెండు ఉతికిన చీరలు గదిలో ఉంచండి. కొత్తవి కొనిపెట్టొద్దు, తనవి కావంటుంది.

ఒక పేజీ రాసి మంచం దగ్గర అంటించండి: ఏమని పిలిస్తే పలుకుతుంది, ఏ చెవి వినబడుతుంది, కాఫీలో చక్కెర ఎంత, భయపడితే ఏ మాట చెబితే కుదురుతుంది. ఆయాలు మారుతుంటారు, కాగితం ఉంటుంది.

నెలకోసారి మీ ఎదుటే తూకం వేయించండి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గిందంటే తిండి అందడం లేదు, లేదా మింగుడు పడడం లేదు, డాక్టరుకు చూపించాలి. పోయిన ప్రతిసారీ దుప్పటి తీసి మడమలు, నడుము కింద ఎముక దగ్గర చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇప్పుడే తిప్పడం మొదలుపెట్టమనండి. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైంది, ఆరోజే నర్సును పిలిచి చూపించి రిజిస్టరులో రాయించండి.